ఆవు కుమ్మింది, కోడ్ చెప్పండి

ఆర్కే బీచ్‌లో ఒక సాయంత్రం నన్ను ఆవు కుమ్మింది. దానికి నా మీద పగ లేదు. నా చేతిలోని మురీ మిక్చర్ పొట్లం మీద మనసుపడింది, మధ్యలో నేను అడ్డం వచ్చాను. పొట్లం దానికీ, ఎడమ తుంటి మీద దెబ్బ నాకూ దక్కాయి. విశాఖలో ఇంతవరకు ఇది వార్త కాదు. అసలు వైద్యం ఇంటికి వచ్చాక మొదలైంది.

మా మేనకోడలు ద్వారకానగర్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటోంది. అమెరికా డాక్టరు రాసింది చదివి ప్రతి రోగానికీ, ప్రతి దెబ్బకూ తగిన కోడ్ వేయడం ఆ విద్య. కోడ్ సరిగ్గా పడకపోతే అక్కడి బీమా కంపెనీ పైసా విదల్చదు. అంతర్జాతీయ రోగాల పట్టిక (ఐసీడీ) పదో సవరణను అనుసరించి అమెరికాలో 2015 అక్టోబరు నుంచి వాడుతున్న ఈ కోడ్‌లు దాదాపు 70 వేలు. అన్నిటినీ కంఠస్థం చేయడం మానవమాత్రులకు కుదరదు కనుక, రోగం పేరు కొడితే కోడ్ వెతికిపెట్టే సాధనం ఒకటి కంప్యూటర్‌లో ఉంటుంది. నేను మూలుగుతూ కుర్చీలో కూలబడగానే ఆ పిల్ల నా తుంటి వైపు చూడలేదు. ల్యాప్‌టాప్ తెరిచింది.

"మామయ్యా, ఆవు కరిచిందా, కొట్టిందా?"

"కుమ్మిందమ్మా."

"కుమ్మడం లేదు మామయ్యా. కరవడం, కొట్టడం, మరో రకంగా తగలడం. ఈ మూడే ఉన్నాయి."

కుమ్మడం, పొడవడం, తన్నడం, తొక్కడం అంటూ పశువు చేసే ఒక్కో పనికీ ఒక్కో మాట దాచుకున్న భాష మనది. అవన్నీ "కొట్టడం"లో కలిసిపోయాయి. డబ్ల్యూ55.22. ఆవు స్థానంలో ఆబోతు ఉన్నా ఇదే కోడ్. దాని తోకకు ఎక్స్, ఏ అని రెండు అక్షరాలు. ఏ అంటే దెబ్బకు ఇప్పుడు వైద్యం జరుగుతోందని అర్థం. డీ అయితే, గాయం మానుతుండగా మళ్లీ చూపించుకోవడానికి వచ్చారని. డీ అంటే అదే ఆవు రెండోసారి కుమ్మడం అనుకున్నాను. కాదట. బీచ్ రోడ్డు ఎరిగినవాడిగా, దానికీ ఒక అక్షరం కేటాయించాలని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇక ఎక్స్‌కు ఏ అర్థమూ లేదు, ఖాళీ చోటు నింపడానికే ఉంది. ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా నేను చేసిందీ ఆ పనే కాబట్టి ఆ అక్షరం మీద నాకు గౌరవం కలిగింది.

అంతటితో అయిపోలేదు. ఎక్కడ కుమ్మింది? బీచ్‌లో: వై92.832. ఆ సమయంలో ఏం చేస్తున్నాను? నడుస్తున్నాను: వై93.01. ఎడమ తుంటి కమిలినందుకు ఎస్70.02ఎక్స్‌ఏ. ఒక ఆవు, ఒక కుమ్ము, నాలుగు కోడ్‌లు. మా డాక్టరుగారు మాత్రం తుంటి నొక్కి చూసి, "ఏం కాలేదు, ఐసు పెట్టండి" అని పంపేశారు. ఇంతకంటే బాధ్యతారాహిత్యం ఉంటుందా?

ఈ పద్ధతికి వంశచరిత్ర కూడా ఉంది. 1893లో బెర్టియాఁ అనే ఫ్రెంచి గణాంకవేత్త తయారుచేసిన మరణ కారణాల పట్టిక దీనికి మూలపురుషుడు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చి ఆరో సవరణ జరిగాకే, చావకుండా బాధపడుతున్నవాళ్ల రోగాలకూ అందులో చోటు దొరికింది. అంతవరకు పట్టికలోకి ఎక్కాలంటే పోవాల్సిందే.

ఇంతలో మా ఆవిడ ఉప్పూ మిరపకాయలూ పట్టుకొచ్చింది. ఆమె నిర్ధారణ: దిష్టి. పైగా వేడి చేసింది. సాధనంలో దిష్టి దొరకలేదు. వేడి అని వెతికితే టీ67 అంటూ వడదెబ్బ చూపించింది. వడదెబ్బకు ఎండ కావాలి. వేడి చేయడానికి ఎండ అక్కర్లేదు, ఏసీ గదిలో కూర్చుని రెండు మామిడిపళ్లు తిన్నా చేస్తుంది. ఈ తేడా తెలియని పట్టికలో అత్తమామలతో పొసగకపోవడానికి మాత్రం జడ్63.1 అని దర్జాగా కోడ్ ఉంది. అయితే అందులో రోగి కోడలా, అల్లుడా అన్నది చెప్పలేదు. కుడి తుంటికీ ఎడమ తుంటికీ వేరువేరు కోడ్‌లు ఇచ్చినవాళ్లు ఇక్కడ ఎందుకు జంకారో!

ఆశ లేకపోలేదు. 2022 నుంచి అమల్లో ఉన్న పదకొండో సవరణకు, ఆయుర్వేదం, సిద్ధ, యునాని వైద్యాల రోగాలతో ఒక భాగాన్ని 2024 జనవరి 10న ఢిల్లీలో ఆవిష్కరించారు. ఈ సంగతి చెబితే మా ఆవిడ, "మా అమ్మ చెప్పినప్పుడు నవ్వారుగా" అని మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. జడ్63.1 గుర్తొచ్చి మారుమాటాడకుండా తాగేశాను.

వారం తర్వాత తుంటి మళ్లీ చూపించుకుని బీచ్ మీదుగా నడిచి వస్తున్నాను. అంటే ఇప్పుడు నేను డీ. ఎదురుగా అదే ఆవు. నా చేతిలో మందుల పొట్లం తప్ప ఏమీ లేదు, అయినా తల వంచింది. వెంటనే మేనకోడలికి ఫోను చేసి, ఒకే మనిషికి ఒకే రోజు డీ, ఏ రెండూ వేయవచ్చా అని అడిగాను.

"ముందు పక్కకు జరగండి మామయ్యా" అంది.