ఆపిన సొమ్ముకు గడువు తేదీ చెప్పరేం?

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో సరుకు అమ్మే నా సెల్లర్ అకౌంట్ వెరిఫికేషన్ పూర్తయి, ఆగిపోయిన డబ్బులో ఎక్కువ భాగం చేతికి అందేసరికి పదకొండు వారాలు పట్టింది. ఆ కాలమంతా సపోర్ట్ నుంచి వచ్చిన సమాధానం దాదాపు ఒక్కటే: "మీ ఖాతా సమీక్షలో ఉంది, మీ ఓపికకు ధన్యవాదాలు." నాకు ఓపిక ఉందని వారికి ఎవరు చెప్పారో తెలియదు.

అమ్మకందారుల గుర్తింపును సరిచూడడం తప్పని నేను అనను. నకిలీ సరుకు అంటగట్టి మాయమయ్యేవారు ఉన్నంతకాలం ఆ తనిఖీ ఉండవలసిందే. అమెరికాలో 2023 జూన్ 27న అమల్లోకి వచ్చిన ఇన్‌ఫార్మ్ కన్స్యూమర్స్ చట్టం ప్రకారం, పన్నెండు నెలల్లో కనీసం 200 కొత్త వస్తువులను, 5,000 డాలర్లు లేదా అంతకు మించిన విలువకు అమ్మిన సెల్లర్ల బ్యాంకు ఖాతా, పన్ను గుర్తింపు సంఖ్య, సంప్రదింపు వివరాలను మార్కెట్‌ప్లేస్‌లు సేకరించి సరిచూడాలి. అడగడం వారి బాధ్యత, చెప్పడం మన బాధ్యత. నా పేచీ అంతా "నువ్వెవరు?" అనే ప్రశ్నను, "నీ డబ్బు ఎప్పుడిస్తాం?" అనే ప్రశ్నను ఒకే ముడిలో బిగించడంతోనే.

నా విషయంలో చిక్కు చాలా చిన్నది. గుర్తింపు కార్డులో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు ఖాతాలో మాత్రం పొడి అక్షరమే ఉంది. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, "పత్రం ఆమోదయోగ్యం కాదు" అన్న వాక్యం మాత్రమే వచ్చింది. ఫోటో బాగాలేదేమోనని, నాలుగు అంచులూ కనిపించేలా, వెలుగు పడి అక్షరాలు చెరిగిపోకుండా మళ్లీ తీసి పంపాను. అదే వాక్యం తిరిగొచ్చింది. చిరునామా రుజువు పాతదేమోనని కొత్త బిల్లు పెట్టాను, మళ్లీ అదే. చివరికి కంగారుపడి బ్యాంకు ఖాతానే మార్చాను, చేసినవాటిలోకెల్లా పెద్ద పొరపాటు అదే. సమీక్ష నడుస్తుండగా బ్యాంకు వివరాలు మారితే, ఎవరో ఖాతాను చేజిక్కించుకున్నారని అనుమానించి, మొదటి హోల్డ్ (సొమ్ము నిలుపుదల) మీద భద్రత పేరుతో మరో హోల్డ్ వేస్తారట. ఈ దశలో విసిగిపోయి కొత్త అకౌంట్ తెరిచేవారూ ఉంటారు. రెండూ ఒకరివేనని సిస్టం పసిగడితే రెండూ మూతపడే ప్రమాదం ఉంది కనుక దయచేసి ఆ పని చేయకండి.

పాత ఖాతానే మళ్లీ చేర్చి, అందులోని పేరూ గుర్తింపు కార్డులోని పేరూ ఒకే వ్యక్తివని బ్యాంకు చేత లేఖ రాయించి పంపితే, వెరిఫికేషన్ రెండు రోజుల్లో పూర్తయింది. కారణాలు వివరిస్తే మోసగాళ్లకు దారి చూపినట్లవుతుందని ప్లాట్‌ఫారాలు వాదిస్తుంటాయి. పేరులో అక్షరాలు కలవలేదని చెబితే ఏ మోసగాడికి ఏం లాభమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వెరిఫికేషన్ పూర్తయినా డబ్బు కదలలేదు. రీఫండ్లు, చార్జ్‌బ్యాక్‌లు (కొనుగోలుదారు బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి తీసుకోవడం) రావచ్చు కనుక కొంత సొమ్మును రిజర్వుగా ఉంచుతామన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది: కార్డు చెల్లింపులపై కొనుగోలుదారు అభ్యంతరం చెప్పడానికి చాలా సందర్భాల్లో 120 రోజుల వరకు గడువు ఉంటుంది. అయితే ఆ ప్రమాదం అన్ని ఆర్డర్లకూ ఒకేలా ఉండదు. అందుకే ఏ ఆర్డరుకు ఎంత సొమ్ము రావాలో చూపే సెటిల్‌మెంట్ రిపోర్ట్ దించుకుని ఆర్డర్లను మూడుగా విడదీశాను: రిటర్న్ గడువు, చార్జ్‌బ్యాక్ గడువు రెండూ దాటినవి, ఏదో ఒక గడువు ఇంకా మిగిలినవి, ఇంకా కొనుగోలుదారుకు చేరనివి. ఆ తరువాత సపోర్ట్‌లో కొత్త టికెట్లు (ఫిర్యాదులు) తెరవడం మానేసి, పాత కేస్ నంబరు మీదే, మొదటి రకం ఆర్డర్ల మొత్తాన్ని మాత్రమే ప్రస్తావించి రెండు ప్రశ్నలు అడిగాను. ఒప్పందంలోని ఏ నిబంధన కింద ఆపారు? ఏ తేదీ వరకు ఆపుతారు? అచ్చుపోసిన సమాధానం కాకుండా మనిషి రాసిన జవాబు వచ్చింది అప్పుడే.

ఐరోపా సమాఖ్యలో ఈ ప్రశ్నలకు చట్టం అండ ఉంది. 2020 జూలై 12 నుంచి వర్తించిన 2019/1150 నియంత్రణ (రెగ్యులేషన్) ప్రకారం, ప్లాట్‌ఫారం సెల్లర్ ఖాతాను పరిమితం చేసినా నిలిపివేసినా కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలి, పూర్తిగా రద్దు చేయాలంటే కొన్ని మినహాయింపులు తప్ప 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, చిన్న ప్లాట్‌ఫారాలు తప్ప మిగతావి ఫిర్యాదులకు అంతర్గత వ్యవస్థను ఉచితంగా నడపాలి. అటువంటి రక్షణ లేని చోట సెల్లర్ చేతిలో మిగిలేవి తాను సంతకం చేసిన ఒప్పందం, తాను దాచుకున్న డెలివరీ రుజువులు, అంతే.

మొదటి రకం ఆర్డర్ల సొమ్ము రెండు విడతల్లో వచ్చింది. మిగిలినది ఇంకా వారి దగ్గరే ఉన్నా, ఏ రోజున విడుదలవుతుందో ఈసారి రాసి ఇచ్చారు కనుక నాకు సరుకు సరఫరా చేసేవారికి నేనూ ఒక చెల్లింపు తేదీ చెప్పగలిగాను.