ఫార్మాట్ కొట్టేద్దామా సార్?

విశాఖపట్నంలో లాప్‌టాప్ బాగుచేసే దుకాణాలకు కొదవ లేదు. డాబాగార్డెన్స్‌లో మొదలుపెట్టి ద్వారకానగర్ దాకా నడిస్తే సందు సందుకూ ఒక బోర్డు పలకరిస్తుంది. బోర్డుల రంగులు వేరు, లోపలి కుర్చీల సంఖ్య వేరు, వైద్యం మాత్రం ఒక్కటే. దాని పేరు ఫార్మాట్, అంటే డిస్కును ఖాళీ చేసి మళ్లీ కొత్తగా మొదలుపెట్టడం. ఆయుర్వేదంలో వాత పిత్త కఫాలని మూడు దోషాలున్నాయి గనుక పాపం ఆ వైద్యుడు నాడి పట్టుకుని కాస్త ఆలోచించవలసి వచ్చేది. ఈ శాస్త్రంలో దోషం ఒకటే, ఔషధం ఒకటే కావడంతో ఆలోచన అనే మెట్టును పూర్తిగా తీసేసి రోగికి సమయం ఆదా చేశారు. పైగా ఈ ఔషధాన్ని ఎవరూ ఇవ్వరు, వేయరు, చేయరు, కొడతారు. కొబ్బరికాయ కొట్టినంత శుభంగా, దోమను కొట్టినంత తేలికగా.

నా లాప్‌టాప్ 2013లో కొన్నది. అందులో ఉన్నది ఎస్ఎస్‌డీ అనే ఇప్పటి చిప్పుల డిస్కు కాదు, నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లేలున్న పాత హార్డ్ డిస్క్. ఆ పళ్లేల మీద రాతను చదివే హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లు. ఇంత సున్నితమైన వస్తువు పదేళ్లకు పైగా ఈ ఉప్పుగాలిలో, నా ఒళ్లో, మంచం మీద, కుదుపుల బస్సుల్లో పనిచేసిందంటే దానికి శాలువా కప్పి సన్మానం చేయవలసింది. నేను చేయలేదు. ఒక రాత్రి మా ఆవిడతో "ఈ ఆదివారం తప్పకుండా బ్యాకప్ తీస్తాను" అంటుండగా, మాట పూర్తి కాగానే "టిక్ టిక్" మని వినిపించింది. గోడ మీద బల్లి పలికిందనుకుని ఆమె "సత్యం, సత్యం" అంటూ చిటిక వేసింది. పలికింది బల్లి కాదు, డిస్కు. అటువంటి ఆదివారాలు ఏళ్ల తరబడి వస్తూ పోతూనే ఉన్నాయి. నేరంలో నా వాటా ఇంతవరకు ఒప్పుకుంటున్నాను. ఇకమీదట ఆ విషయం ఎవరూ ఎత్తవద్దని మనవి.

మా మేనల్లుడికి పందొమ్మిదేళ్లు. డిస్కు తన అనారోగ్యాన్ని తానే రాసిపెట్టుకునే స్మార్ట్ అనే పట్టిక ఒకటుంటుందని, అందులో పెండింగ్ సెక్టార్ల దగ్గర 24 అని ఉందని, అంటే చదవబోతే మొరాయిస్తున్న గళ్లు 24 ఉన్నాయని ఫోన్లోనే నాచేత చూపించి చెప్పాడు. "మావయ్యా, ఇంక దాన్ని ఆన్ చెయ్యకు. ఆదివారం నేనొచ్చి వేరే డిస్కులోకి మొత్తం లాగేస్తాను" అన్నాడు. పందొమ్మిదేళ్ల వాడి మాట వినే వయసు నాకింకా రాలేదు. మర్నాడే దుకాణానికి వెళ్లాను.

అక్కడ నాకంటే ముందు ముగ్గురున్నారు. గల్లా వెనక కుర్రవాడి మెడలో తాడుకు కట్టిన పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. వైద్యుల మెడలో స్టెతస్కోపు ఎటువంటిదో ఇదీ అటువంటిదే. కాకపోతే అది రోగి గుండె వినడానికి, ఇది ఏమీ వినకుండా ఉండడానికి. మొదట నిలుచున్న ఇంజినీరింగు విద్యార్థిని తన కీబోర్డులో ఒక మీట పడడం లేదని చెప్పింది. కుర్రవాడు మీట వైపు చూడలేదు. "ఫార్మాట్ కొట్టేద్దామా మేడమ్?" అన్నాడు. ఆ అమ్మాయి గోటితో మీటను పైకెత్తి, దాని కింద ఇరుక్కున్న జంతిక ముక్కను చూపించింది. అతను ఆ ముక్కను చాలా గౌరవంగా పరిశీలించి "లోపల వైరస్ కూడా ఉండొచ్చండి" అన్నాడు. రెండో ఆయన చార్జరు తీగను ఎలుక కొరికేసింది. తెగిన రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుని సాక్ష్యంగా నిలబడ్డాడు. ఫార్మాట్ కొడితే సిస్టమ్ తేలికపడుతుందని, తేలికపడితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని, బ్యాటరీ వస్తే చార్జరుతో అంతగా పని ఉండదని ఆయనకు వివరించారు. మూడో ఆయన వృద్ధుడు. ఆయన దగ్గర లాప్‌టాప్ అసలు లేదు. జిరాక్సు షాపు ఎటువైపో అడగడానికి గడప ఎక్కాడు. ఆయననూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫ్యాను గాలికి కాసేపు సేదదీరి, ఉత్త చేతులతో కూర్చోవడం మర్యాద కాదనిపించిందో ఏమో, "మా మనవడి కాడ ఒకటుంది బాబూ, తెమ్మంటావా?" అని అడిగాడు. "తెచ్చీండి తాతగారూ, కొట్టేద్దాం" అని అభయం లభించింది.

నా వంతు వచ్చింది. డిస్కు టిక్కుమంటోందని, అందులో ఉన్నవి నాకు కావాలని, ఫార్మాట్ వద్దని చెప్పాను. "డేటా కావాలా సార్?" అని అతను తలెత్తి మొదటిసారి నా ముఖం చూశాడు. హోటల్లో భోజనం చేసి ఎంగిలి విస్తరి కూడా కట్టి ఇమ్మన్నవాడిని చూసినట్టు చూశాడు. తరవాత జాలిపడి, "అయితే ఉంచెయ్యండి, రాత్రంతా చెక్‌డిస్క్ పెడతాను, పొద్దునకి క్లీన్ అయిపోద్ది" అని రసీదు రాసిచ్చాడు.

న్యాయంగా మాట్లాడితే, ఫార్మాట్ అన్నంత మాత్రాన అన్నీ పోవు. విశాఖవాసులకు ఇది అర్థం కావడానికి కంప్యూటరు చదువు అక్కర్లేదు. సింహాద్రి అప్పన్న ఏడాది పొడవునా చందనం పూత కింద ఉంటాడు. అక్షయ తృతీయనాడు ఆ చందనం ఒలిస్తే నిజరూపం దర్శనమిస్తుంది. క్విక్ ఫార్మాట్ కూడా ఒక పూత వంటిదే. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రమే కొత్తగా వేస్తుంది. ఫైళ్లు అడుగున అలాగే ఉంటాయి, తెలిసినవాడు ఒలిచి తీయగలడు. కానీ మనవాళ్లు పూతతో ఆగరు. మెడలోని పెన్‌డ్రైవ్ తీసి అదే చోట కొత్త విండోస్ ఎక్కిస్తారు. అది చందనం పూయడం కాదు, గుడి గోడ మీది శాసనాన్ని గీకేసి దాని మీద తమ దుకాణం ఫోన్ నెంబరు చెక్కడం.

ఇక చెక్‌డిస్క్ సంగతి. అది విండోస్‌తోనే వచ్చే డిస్కు తనిఖీ ప్రోగ్రాము, పాతకాలపు కరణం వంటిది. పద్దు పుస్తకంలో ఉన్నదానికీ పొలంలో ఉన్నదానికీ పొంతన కుదరకపోతే పుస్తకాన్ని దిద్దుతుంది, కొట్టివేస్తుంది, దిక్కులేని ముక్కలను ఒక కొత్త ఫోల్డరులో కుప్పపోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు ఆ సేవ మంచిదే. పొలమే సముద్రంలోకి జారిపోతోందన్న సంగతి మాత్రం కరణానికి పట్టదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద దాన్ని రిపేరు పద్ధతిలో వదిలితే ప్రతి గడినీ చదవమని బలవంతపెడుతుంది. చదవలేని గడి దగ్గర డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, అరిగిన హెడ్‌ను ఇంకా అరగదీసుకుంటుంది. కాలు విరిగిన మనిషిని తెల్లవార్లూ బీచ్‌రోడ్డు మీద పరుగెత్తించి, పొద్దున్నే వచ్చి కాలు ఎలా ఉందని అడగడమే ఇది. పొద్దున నేను వెళ్లేసరికి పెండింగ్ సెక్టార్లు 24 కాస్తా 2,312 అయ్యాయి. "డిస్క్ పోయింది సార్, ఎస్ఎస్‌డీ వేసేద్దాం, రాకెట్‌లా ఉంటాది" అన్నాడు. చెకింగ్ చార్జీ 500 రూపాయలు తీసుకున్నాడు.

ఆ రసీదు ఇప్పుడు నా ముందుంది. లాప్‌టాప్ ఒకటి, బ్యాగు ఒకటి, చార్జరు ఒకటి అని రాశారు. మూత మీద ఎడమవైపు గీత ఉందని కూడా రాశారు. రేపు ఆ గీత తమదని నేను తగాదా పెడతానేమోనని అంత జాగ్రత్త. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, "డేటాకు మా బాధ్యత లేదు" అని అచ్చువేశారు. వందరూపాయల సంచికి బాధ్యత ఉంది, ఆ సంచికున్న జిప్పుకు బాధ్యత ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక, మర్నాడు మా వీధిలో పడిపోయిన చెట్టు పక్కన లుంగీతో నిలబడి నవ్వుతున్న మా నాన్నకు బాధ్యత లేదు. మా అమ్మ గొంతు పదకొండు నిమిషాలు ఉంది అందులో. దానికి బాధ్యత లేదు. తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు కదా! "ఇది మా చేతిలో పని కాదు, ఆపేసి పట్టుకెళ్లండి" అనే ఒక్క మాటకు ఏం ఖర్చవుతుంది? ముట్టుకోకుండా వదిలేయడం కూడా వైద్యమేనని వీళ్లకు ఎవరూ నేర్పలేదా? నేర్పలేదు. ఎందుకంటే వదిలేస్తే చార్జీ వసూలు చేయడం కుదరదు.

ఇంటికి తెచ్చాక పై అంతస్తులోని పెద్దమనిషి ఒకాయన వచ్చి, డిస్కును ఫ్రీజరులో పెడితే లేచి కూర్చుంటుందని, ఇది అందరికీ తెలిసిన చిట్కాయేనని చెప్పారు. ఎప్పుడో పాతకాలపు డిస్కుల్లో కొన్నిటికి అది కాసేపు పనిచేసిందంటారు. ఫ్రీజరులోంచి తీసిన పాలప్యాకెట్టుకే నిమిషంలో చెమట పట్టే ఈ ఊళ్లో, డిస్కు లోపలి పళ్లేలకు కూడా చెమట పట్టించాలన్న ఆ సద్బుద్ధికి నమస్కరించి, వంజరం ముక్కల పక్కన ఖాళీ లేదని చెప్పి పంపించాను.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. నన్నేమీ అనలేదు, అంటే బాగుండేది. డిస్కును విప్పి, తన కంప్యూటరుకు తగిలించి, దాని మీదికి టేబుల్ ఫ్యాను తిప్పి, డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో మొదలుపెట్టాడు. అది పాత డిస్కు మీద ఒక్క అక్షరం రాయదు. ముందు సులువుగా వచ్చేవన్నీ కొత్త డిస్కులోకి లాగుతుంది, మొరాయించిన చోట తగవు పెట్టుకోకుండా దాటిపోతుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక చిట్టాలో రాసుకుంటుంది గనుక మధ్యలో ఆపినా మళ్లీ అక్కడే అందుకుంటుంది. కష్టమైన చోట్లకు చివరికి వెళుతుంది. మూడు రాత్రులు పట్టింది. 500 జీబీలో దక్కనిది పదిహేను ఎంబీకి మించదు. ఫొటోలన్నీ వచ్చాయి. నాన్న, చెట్టు, లుంగీ అన్నీ వచ్చాయి.

ఆ పదిహేను ఎంబీ ఎక్కడ పడిందో ఊహించగలిగినవారు ఊహించవచ్చు. అమ్మ తను మొదటిసారి చందనోత్సవానికి వెళ్లిన సంగతి చెబుతోంది. ఎండ, చెప్పులు లేని కాళ్లు, చంకలో నేను. నాలుగో నిమిషంలో "అప్పుడు హనుమంతవాక దగ్గర బస్సు ఆగిపోతే, మీ నాన్న ఏం చేసేరంటే…" అని నవ్వింది. అక్కడినుంచి ఏడు నిమిషాలు చప్పుడు లేదు. తెర మీద గీత మాత్రం కదులుతూనే ఉంటుంది. నాన్న ఏం చేశారో చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.