సవరణ: చియా పుడ్డింగ్‌కి సబ్జా గింజలు వద్దండి

చియా గింజల్ని పాలలో రాత్రి నానబెట్టి పొద్దున్నే తినే చియా పుడ్డింగ్ గురించి మొన్న రాశాను కదా, అది చూసి ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మనవాళ్ళు చాలామంది చియా అనుకుని సబ్జా గింజలు కొనేసి పుడ్డింగ్ కుదర్లేదేంటని అడుగుతున్నారు, అందుకే ఈ సవరణ. రెండూ ఒకటి కాదండి. షర్బత్‌లో వేసే సబ్జా పూర్తిగా నల్లగా ఉంటుంది, నీళ్ళలో వేస్తే నిమిషాల్లో ఉబ్బిపోయి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. చియా అయితే బూడిద, తెలుపు, నలుపు కలిసి మచ్చమచ్చలుగా ఉంటుంది, అరచేతిలో పోసుకుని చూస్తే తెలిసిపోద్ది.

కొలత కూడా మళ్ళీ చెప్తున్నా, కాచి చల్లార్చిన పాలు అర కప్పు అంటే సుమారు 120 మి.లీ.కి చియా 2 టేబుల్ స్పూన్లు, కలిపి 10 నిమిషాలాగి మళ్ళీ బాగా కలపాలి, ఇది మాత్రం వదలొద్దు, లేకపోతే అడుగున ఉండ కట్టేసి లోపల గింజలు పొడిగానే ఉండిపోతాయి. తర్వాత రాత్రంతా ఫ్రిజ్‌లో. మూత పెడితే 3, 4 రోజులు బాగుంటుంది గానీ కరెంటు గంటలకొద్దీ పోయే ఊళ్ళల్లో ఏ రోజుది ఆ రోజే చేసుకోండి, పాలు కదా. మామిడి ముక్కలు వేసుకోవాలనుకుంటే తినేముందే వేసుకోండి. పొడి గింజలు స్పూన్‌తో నోట్లో వేసుకోవడం అస్సలు వద్దు, గొంతులో ఉబ్బుతాయి, పిల్లల దగ్గర మరీ జాగ్రత్త.