అందాజగా ఒక మూత

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అగ్నిప్రమాదం ఏదీ జరగలేదు. జరిగిందని మా అసోసియేషన్ సెక్రటరీ గారు మినిట్స్ పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. దాని కింద ఇప్పటికి పదిహేను మంది దణ్ణాలు పెట్టారు. అందుకని నా వైపు కథ కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను. వీపు మీద ఇసుక గీరుకున్న చోట ఇంకా మండుతోంది. ఆ మంటలోనే రాస్తున్నాను కాబట్టి మాట కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి.

నా దగ్గర ఒక పడవ ఉంది. నాచారంలో మూడో అంతస్తులో ఉండేవాడికి పడవెందుకని మీరు అడగకండి. మా ఆవిడ ఏడాదిగా అడుగుతోంది, ఆవిడకే ఇంకా సరైన జవాబు చెప్పలేదు. శామీర్‌పేట అవతల ఒక రిసార్టు మూతపడి సామాను అమ్మేస్తుంటే సోఫా కోసం వెళ్లి పడవతో తిరిగొచ్చాను. 12 అడుగుల ఫైబర్ పడవ, 9 వేలు. మాది గోదావరి లంక, చిన్నప్పుడు బడికి పడవలోనే వెళ్లేవాళ్లం అని ఒక కారణం చెప్పాను. వానాకాలంలో హుస్సేన్ సాగర్‌లో మాన్సూన్ రెగట్టా అనే పడవ పందేల తెరచాపలు చూస్తే ప్రాణం లాగేస్తుంది అని ఇంకోటి చెప్పాను. "లాగితే వెళ్లి చూసి రండి, కొనడమెందుకు?" అంది. నిజమే మరి.

అప్పట్నుంచి శని, ఆదివారాలు సెల్లార్‌లోనే. సుత్తి పిడితో పడవని తట్టి చూస్తే గట్టిగా ఉన్న చోట టక్కుమంటుంది, లోపల పొరలు విడిపోయిన చోట డబ్బుమంటుంది. మా పడవ ఈ చివర నుంచి ఆ చివరి దాకా మృదంగమే. ఇంజను తగిలించే వెనక గోడ పైకి నిగనిగలాడుతూనే ఉంది. కోసి చూస్తే లోపలి ప్లైవుడ్డు నానబోసిన అటుకుల్లా చేతికొచ్చింది. పగులు ఉన్న చోట ఊరికే పైన పూత పూస్తే నిలవదు. చుట్టూ ఏటవాలుగా, మందానికి పన్నెండింతల వెడల్పున గ్రైండర్‌తో అరగదీయాలి. ఆ పొడి ఒంటి మీద పడితే దూలగొండి ఎందుకూ పనికిరాదు. దాన్ని చన్నీళ్లతోనే కడుక్కోవాలట, వేన్నీళ్లు పోసుకుంటే చర్మంలోకి ఇంకా దిగుతుందట. ఈ సంగతి నాకు వేన్నీళ్ల స్నానం అయ్యాక తెలిసింది. ఆ గ్రైండర్ చప్పుడు గురించి గ్రూపులో ఏమేం వచ్చాయో నాకు తెలియదు. గ్రూపుని జనవరిలోనే మ్యూట్‌లో పెట్టాను. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

గ్రైండింగ్ అయిపోయింది, ఇక పొరలు వెయ్యాలి. రాణిగంజ్ వెళ్లాను. కొట్టాయన 5 కిలోల రెసిన్ అనే జిగట ద్రవం, దాంతో తడిపి పరిచే గాజుపీచు మ్యాట్, రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే ఊదారంగు కోబాల్టు, ఒక చిన్న సీసాలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఇచ్చాడు. కోబాల్టునీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పొయ్యొద్దని, ముందు కోబాల్టుని రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పొయ్యాలని, లేకపోతే పేలుతుందని మూడుసార్లు చెప్పాడు. దణ్ణం పెట్టాలి ఆయనకి. కానీ హార్డెనర్ ఎంత పొయ్యాలి అని అడిగితే తలెత్తి కూడా చూడలేదు.

"ఏముంది సార్, కిలోకి ఒక మూత. అందాజగా."

ఈ అందాజ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. నేను ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్లయింది. లీటరు, కిలో, గంట అనేవి పై ఊళ్ల కొలతలని, ఇక్కడ నడిచేది ఒక్క అందాజేనని ఇన్నాళ్లలో నాకు బాగా అర్థమైంది. ప్లంబర్ ఎన్నింటికి వస్తాడు? అందాజగా పదకొండు. గోడకి రంగు ఎన్ని లీటర్లు పడుతుంది? అందాజగా నాలుగు, తక్కువైతే మళ్లీ తెచ్చుకోవచ్చు. బిర్యానీ ఎంతమందికి సరిపోతుంది? అందాజగా నలుగురికి, ఆకలి లేకపోతే ఐదుగురికి. వీటన్నిటితో నాకు పేచీ లేదు. బియ్యంలో ఒక గ్లాసు నీళ్లు ఎక్కువైతే అన్నం మెత్తబడుతుంది, అంతే. రసాయనానికి ఆ మొహమాటం లేదు.

ఆదివారం పొద్దున పదిన్నరకి సెల్లార్‌లో కూర్చుని హార్డెనర్ సీసా విప్పాను. దాని బుల్లి మూత చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వెళ్లి 104 వాళ్ల కారు కిందికి పోయింది. పొడుగాటి ఇనప చువ్వ ఉంటే తీసేవాణ్ణే. లేదు. పక్కన వాచ్‌మన్ భార్య బట్టలుతికే లిక్విడ్ డబ్బా ఉంది, దానికో నీలం మూత ఉంది. మూత అంటే మూతే కదా అనుకున్నాను. ఇంటికొచ్చాక వంటింటి కొలత గ్లాసుతో చూస్తే ఆ మూతలో 55 మిల్లీలీటర్లు పట్టాయి. కిలో రెసిన్‌కి పొయ్యాల్సింది 10 నుంచి 20. పైగా మే నెల. వేడి 10 డిగ్రీలు పెరిగితే రెసిన్ గట్టిపడే టైము దాదాపు సగమైపోతుంది. మామూలుగా అరగంట ఆగేది ఆ రోజు నాకెంతసేపు ఆగుతుందో లెక్క కట్టగల తెలివి నాకూ ఉంది. ఇంటికొచ్చాక కట్టాను కూడా.

కోబాల్టు ముందే కలిపి ఉంచిన కిలో రెసిన్‌లో నీలం మూతెడు హార్డెనర్ పోసి కలిపాను. పడవలోకి ఎక్కి, అడుగున వెనక వైపు పరిచిన మ్యాట్ మీద సగం గుమ్మరించి బ్రష్‌తో అద్దాను. తెల్లటి మ్యాట్ రెసిన్ పీల్చుకుని అద్దంలా అయిపోతుంది, భలే ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటలో వెనక్కి చూసుకోకుండా అటు తిరిగి బాసింపట్టు వేసుకుని ముందు వైపు ముక్క అందుకున్నాను. ముగ్గు వేసే ఆడవాళ్లు ఎప్పుడూ వేసిన ముగ్గులో కూర్చోరు, వెనక్కి జరుగుతూ వేస్తారు. ఏళ్ల తరబడి పొద్దున్నే కాఫీ తాగుతూ చూస్తున్నాను. చూస్తే ఏం లాభం!

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుని ప్లాస్టిక్ కుర్చీలు రావడం మొదలయ్యాయి. వాటి వెనకాల సెక్రటరీ గారు, ఆయన వెనక ట్రెజరర్, వాళ్ల వెనక ఒక్కొక్కరుగా కాపురాలన్నీ దిగాయి. జనరల్ బాడీ మీటింగట. నెల ముందే గ్రూపులో పెట్టారట. ఎజెండాలో మూడో అంశం, "సెల్లార్‌లో పడవ".

కుర్చీలు నా పడవ చుట్టూ వేశారు, వేరే చోటు లేదు కాబట్టి. కొత్త హెల్మెట్ పెట్టెలో తల దూర్చినట్టుండే వాసన. 203 ఆంటీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కుర్చీలు చాలక 501 మాస్టారు నిలబడ్డారు.

"కాస్త దిగి ఇటు రండి, మాట్లాడుకుందాం" అన్నారు సెక్రటరీ గారు.

లేవబోయాను. లుంగీ రాలేదు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ముందు నాకు వెచ్చదనం తెలిసింది. వెనక వైపు, కూర్చున్న చోట, హాయిగా, నులివెచ్చగా. ఎండాకాలం కదా అనుకున్నాను. సెల్లార్‌లోకి ఎండెక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది, గట్టిపడేటప్పుడు రెసిన్ వేడి పుట్టిస్తుంది. అంటే నా వెనకాల గట్టిపడుతోంది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. గళ్ల లుంగీ అంచు జానెడు మేర మ్యాట్‌లో కలిసిపోయి, వేయించిన అప్పడంలా బిరుసుగా తగిలింది. వేలితో కొడితే టక్కుమంది. ఇన్ని నెలల్లో ఆ పడవలో టక్కుమన్న మొదటి చోటు అదే.

"ఫరవాలేదండీ, ఇక్కడి నుంచే వింటాను" అన్నాను.

"పెద్దాయన నిలబడ్డారు, మీరు పడవలో కూర్చుంటారా?" అన్నారు ట్రెజరర్.

ఏం చెప్పను? ముడి విప్పి లేస్తే లుంగీ పడవకీ, నేను సభకీ మిగులుతాం. లోపల చారల డ్రాయరు, దాని వయసు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు వయసంత. భద్రాచలం తెప్పోత్సవంలో స్వామివారు హంస వాహనం మీద కూర్చున్నట్టు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, అటూ ఇటూ కదలకుండా కూర్చున్నాను. దాన్ని వాళ్లు పొగరనుకున్నారు. ఒకరైతే "ఇది ధర్నా అన్నమాట" అన్నారు. నా పరువుకి అదే మంచి మాటలా తోచి నేను ఖండించలేదు.

ఫోన్ తీసి మా ఆవిడకి "కత్తెర, వేరే లుంగీ, అర్జెంట్" అని మెసేజ్ పెట్టాను. సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు. తిరుగుతూనే ఉంది.

చర్చ మాత్రం నడిచింది. సెక్రటరీ గారు పార్కింగ్ నియమాలు చదివారు. ఆయన గొంతులో ఆనందం దాచుకోలేకపోయారు. ఈయన ఇదివరకు నా వాటర్ క్యాన్ స్టాండు మీద, నా తులసికోట మీద, మా అబ్బాయి సైకిలు మీద కూడా ఇలాగే నియమాలు చదివారు. నియమాలు ఉండొచ్చు, కానీ ఆయన రెండు కార్లూ నిలిపే చోటు ఏ నియమంలో ఉందో ఇంతవరకు ఎవరూ చదవలేదు. మాస్టారొక్కరే నా వైపు మాట్లాడారు. "2020 అక్టోబర్లో టోలిచౌకి నదీం కాలనీలో పడవలు తిరగలేదుటండీ? నిరుడు మన సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఉండనీండి, ఎప్పటికైనా అక్కరకొస్తుంది" అన్నారు. 203 ఆంటీ కొంగు తీసి, "ఎంతమంది పడతారు?" అని అడిగారు. గాలి నా వైపు తిరుగుతోందని నాకు అనిపించింది. నిజంగా అనిపించింది.

అప్పుడు మగ్గు పొగ కక్కింది.

మిగిలిన సగం రెసిన్ ప్లాస్టిక్ మగ్గులోనే ఉండిపోయింది. పల్చగా పరిచిన రెసిన్ వేడి గాలిలోకి పోతుంది, మగ్గులో ముద్దగా ఉంటే పోవడానికి దారి లేక అది లోపలే మరుగుతుంది. నా వెనక నుంచి తెల్లటి పొగ, ఉండ్రాళ్ల గిన్నె మూత తీసినట్టు లేచింది. నాకు కనిపించలేదు. నేను వాచ్‌మన్‌ని దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా చెవిలో, "లుంగీ అంటుకుంది, పైకెళ్లి కత్తెర పట్రా" అన్నాను.

తెలుగు భాషతో నాకెప్పుడూ గొడవ లేదు. పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేసినప్పుడు కూడా దాని పక్షానే మాట్లాడాను. కానీ ఇంత గొప్ప భాషలో జిగురు అంటుకున్నా అంటుకోవడమే, జలుబు అంటుకున్నా అంటుకోవడమే, నిప్పు అంటుకున్నా అంటుకోవడమేనా? ఇంకో మాట పుట్టించడానికి ఎవరికీ తీరిక లేకపోయిందా?

వాచ్‌మన్ నా ముఖం చూశాడు, నా వెనక పొగ చూశాడు, కత్తెర మాట మర్చిపోయాడు.

"సారు లుంగి అంటుకున్నదీ!" అని అరిచాడు.

ఇరవై కుర్చీలు ఒక్కసారి వెనక్కి పడ్డాయి. ట్రెజరర్ గోడకున్న ఎర్ర సిలిండరు పీకి నొక్కితే తుస్సుమని కూడా అనలేదు. దాని మీద తేదీ 2019. ఏటా మెయింటెనెన్స్‌లో ఫైర్ సేఫ్టీ అని ఫ్లాటుకి 600 రాసుకుంటున్నది దేనికో ఆ క్షణాన అడగాల్సింది. "అంటుకోలేదండీ, అంటుకుంది!" అని అరుస్తున్నాను నేను. నాకే అర్థం కాలేదు, వాళ్లకేం అర్థమవుతుంది? సెక్రటరీ గారు మెట్ల కింద ఎన్నేళ్లుగానో ఉన్న ఇసుక బకెట్టు రెండు చేతులతో ఎత్తారు. ఆ మనిషికి నడుం నొప్పని పోయిన దసరాకి పందిరి గుంజ కూడా పట్టుకోలేదు. బకెట్టంతా నా నెత్తి నుంచి కింది దాకా గుమ్మరించారు, బీడీ ముక్కలతో సహా. మగ్గు మీద ఒక్క రేణువు పడలేదు. అది దానంతటదే పొగ మానేసింది.

కళ్లలో ఇసుక పడితే మనిషి లేస్తాడు. లేచాను. లుంగీ లేవలేదు.

తర్వాత కత్తెర వచ్చింది, మా ఆవిడా వచ్చింది. ఎవరేం అన్నారో నేను రాయను. జానెడు గళ్ల గుడ్డ ఇప్పటికీ పడవ అడుగున రెసిన్ కింద స్పష్టంగా కనిపిస్తుంది, గడులు లెక్కపెట్టుకోవచ్చు. నయమేమిటంటే మ్యాట్ మాత్రం బ్రహ్మాండంగా గట్టిపడింది. పైన తడిగా ఉన్న చోటల్లా ఇసుక అతుక్కుని గరుకుతేలింది. కాలు జారకుండా పడవల్లో కావాలనే ఇలా వేస్తారు.

మినిట్స్‌లో మూడో అంశం కింద ఇలా రాశారు: "302 వారి పడవలో అగ్నిప్రమాదం. సెక్రటరీ సమయస్ఫూర్తితో ఆర్పివేసిరి. 302 వారు పడవ దిగుటకు నిరాకరించిరి." దిగాను కదండీ, అందరూ చూశారు కదా! నిన్న ఈ నెల మెయింటెనెన్స్ బిల్లు వచ్చింది. చివర్లో ఇంకో వరుస, "ఇసుక, ఒక బకెట్టు, 350." ఇసుక ధర ఎలా కట్టారని అడిగితే ట్రెజరర్ అందాజగా అన్నారు. ఆ ఇసుక నా పడవలోనే ఉంది, కావాలంటే గ్రైండర్ నేనిస్తాను, వచ్చి గీక్కుని పట్టుకెళ్లమని గ్రూపులో పెట్టాను. ఇంకా ఎవరూ దణ్ణం పెట్టలేదు.