మకాం మార్చదలచిన ఒక వృద్ధ ఉపగ్రహం గురించి

భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే సమాచార ఉపగ్రహాన్ని మనం భూస్థిర ఉపగ్రహం అంటాం. ఆ స్థిరత్వమంతా మన కంటికే. నిజానికి అది సెకనుకు 3 కిలోమీటర్లకు పైగా పరుగెడుతూ రోజుకొకసారి భూమిని చుట్టివస్తుంది. పదిహేనేళ్ళు ఇలా పరుగెత్తినా ఎక్కడికి పోతున్నావని దాన్ని ఎవరూ అడగరు. తీరా వయసు మళ్ళి, ఇంధనం అడుగంటి, ఉన్నచోటి నుంచి కొన్ని డిగ్రీలు పక్కకు జరుగుదామనుకున్న నాడు మాత్రం, ఎందుకు జరుగుతున్నదో, దారిలో ఏ పౌనఃపున్యాల మీద మాట్లాడుతుందో, చేరాక ఎన్నాళ్ళుంటుందో, చివరికి ఎక్కడ కన్నుమూస్తుందో అన్నీ కాగితం మీద పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. ఈ పద్ధతిని హేళన చేసేవారున్నారు. నేను వారిలో చేరదలచుకోలేదు.

అమెరికా లైసెన్సు ఉన్న ఉపగ్రహమైతే దరఖాస్తు అక్కడి ప్రసారాలకు లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు వెళుతుంది. మకాం మార్పు వల్ల ప్రజాప్రయోజనం, సౌకర్యం, ఆవశ్యకత సిద్ధిస్తాయని అక్కడ రుజువు చేయాలి. ఈ మూడు మాటలూ 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టంలోవి. మూడు ఉపగ్రహాలను ఈ కక్ష్యలో నిలిపితే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని రచయిత ఆర్థర్ సి. క్లార్క్ వ్యాసం రాసింది 1945లో. ఉపగ్రహం ఎలా పనిచేయాలో లోకానికి తెలియడానికి పదకొండేళ్ళ ముందే దాన్ని కదిలించడానికి కావలసిన షరతు సిద్ధమై కూర్చుందన్నమాట. చట్టాలు కాలం వెనుక కుంటుతూ నడుస్తాయని ఆడిపోసుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇంతకీ ఆ ప్రజలెవరు? ముసలి ఉపగ్రహం ఉన్నచోటికి కొత్తది వచ్చేసింది. చందాదారులంతా కొత్తదానికి మారిపోయారు. పాతది వెళ్ళబోయే చోట ఇంకా ఎవరూ చేరలేదు. అయినా అదనపు సామర్థ్యమనీ, భవిష్యత్ అవసరాలనీ, సేవల కొనసాగింపనీ దరఖాస్తులో పేజీలకు పేజీలు నిండుతాయి. అవన్నీ శ్రద్ధగా చదివిన తర్వాత అసలు కారణం తెలుసుకోవాలంటే జెనీవా వైపు చూడాలి.

ఏ దేశం ఏ కక్ష్యాస్థానాన్ని, ఏ పౌనఃపున్యాలను వాడుకోవాలో పద్దు రాసే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఉండేది అక్కడే. దాని నియమాల ప్రకారం, ఒక కక్ష్యాస్థానం కోరుతూ కాగితాలు దాఖలు చేసిన దేశం 7 సంవత్సరాల్లోగా దాన్ని వాడుకలోకి తేవాలి. వాడుక అంటే ఏమిటో కూడా నియమంలోనే ఉంది: ఆ పౌనఃపున్యాల్లో ప్రసారం చేయగల లేదా అందుకోగల ఉపగ్రహం ఒకటి అక్కడ ఎడతెగకుండా 90 రోజులు నిలవాలి. చేయగలిగి ఉంటే చాలు. వినేవాడు కింద ఒకడుండాలని ఎక్కడా లేదు. ఆ తర్వాత వాడుక ఆగిపోయినా, సెలవు పెట్టినట్టు తెలియజేస్తే మూడేళ్ళ వరకూ హక్కు పోదు. కొత్త ఉపగ్రహం కట్టించి పంపడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది, గడువేమో తరుముకొస్తుంటుంది. అప్పుడు ఎవరికైనా గుర్తొచ్చేది మూలనున్న ముసలిదే. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకునే విద్య ఎరిగినవారికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. అయితే ఈ తువ్వాలు టన్నుల బరువుంటుంది, సౌరఫలకాలు కట్టుకుని ఉంటుంది, దాన్ని విసరడానికి న్యాయవాదులు కావాలి.

ఒకే తువ్వాలు వరుసగా నాలుగు సీట్ల మీద కనిపించడం కొన్నాళ్ళకు లోకం దృష్టికి వచ్చింది. ఆ యూనియన్ 2015లో జరిపిన ప్రపంచ రేడియో సమావేశం దీని మీద 40వ నంబరు తీర్మానం చేసింది. నిషేధించిందని కంగారు పడకండి. ఆ ఉపగ్రహం గడచిన మూడేళ్ళలో ఇదే పని మీద మరొక స్థానంలో ఉండి వచ్చి ఉంటే, ఆ స్థానమేదో తెలియజేయమని కోరింది. చాపల్యాన్ని మాన్పించడం కన్నా దానికి దరఖాస్తులో ఒక గడి కేటాయించడమే నాగరికమని పెద్దలు భావించినట్టున్నారు.

ఇక ప్రయాణం. ఈ లోకంలో తూర్పుకు వెళ్ళదలచినవారు కిందికి దిగాలి, పడమటికి వెళ్ళదలచినవారు పైకి ఎక్కాలి. కక్ష్య 78 కిలోమీటర్ల మేర పెరిగితే ఉపగ్రహం రోజుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున పడమటికి జారుతుంది. అక్కడ ఒక డిగ్రీ అంటే 736 కిలోమీటర్లు. దారిపొడవునా ఇతరుల ఉపగ్రహాలు కాపురముంటాయి. కనుక యాత్రికుడు ట్రాన్స్‌పాండర్లన్నీ, అంటే ప్రసారాలను అందుకుని తిరిగి పంపే పరికరాలన్నీ, కట్టేసుకుని, తన ఆరోగ్యం భూమికి చెప్పుకోవడానికీ, ఆదేశాలు వినడానికీ మాత్రమే గొంతు వాడుతూ సాగిపోవాలి. అనుమతిపత్రంలో రెండు షరతులుంటాయి: దారిలో ఎవరి ప్రసారాలకూ అంతరాయం కలిగించకూడదు, తనకెవరైనా అంతరాయం కలిగిస్తే ఫిర్యాదు చేయకూడదు. పూర్వం ఈ లక్షణాలు సర్వసంగ పరిత్యాగుల్లో ఉండేవి. ఇప్పుడు తాత్కాలిక అనుమతి మీద తిరిగే పాత ఉపగ్రహాల్లో కనిపిస్తున్నాయి, అదీ 30 రోజులకో, 60 రోజులకో, 180 రోజులకో పొడిగించుకుంటూ.

వృద్ధాప్యపు ఛాయలు కూడా పత్రంలో పేర్కొనాలి. ఇంధనంలో అత్యధిక భాగం ఉపగ్రహాన్ని ఉత్తర దక్షిణాలకు ఊగకుండా ఆపడానికే ఖర్చవుతుంది. అందుకని ముసలితనంలో ఆ ప్రయత్నం మానేస్తారు. అప్పటి నుంచి సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల దాని కక్ష్య ఏటా సుమారు 0.8 డిగ్రీల చొప్పున వాలిపోతుంది. కింది నుంచి చూస్తే అది రోజూ ఆకాశంలో 8 అంకె దిద్దుకుంటున్నట్టుంటుంది. కంపెనీ దీన్ని అశక్తత అనదు, వాలు కక్ష్యా నిర్వహణ అంటుంది. నడుం వంగిన మనిషికి కూడా ఇంత మర్యాదైన పేరు మనం పెట్టలేదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న గడి ఇంధనానిది. మిగిలిన ఇంధనమెంతో, చివరికి కక్ష్య నుంచి తప్పుకోవడానికి ఎంత దాచారో చెప్పాలి. చిక్కేమిటంటే, భారరహిత స్థితిలో ట్యాంకులోని ద్రవం ఒక మట్టానికి కట్టుబడి ఉండదు, కనుక అందులో ముల్లు చూసి చెప్పే మీటరు పనిచేయదు. ప్రయోగించిన నాటి నుంచి ఇంజను వెలిగించిన ప్రతిసారీ ఎంత ఖర్చయిందో అంచనా వేసి, పద్దులు తీసివేసుకుంటూ వస్తారు. పదిహేనేళ్ళ చిన్న చిన్న పొరపాట్లన్నీ కలిసి, సరిగ్గా ఆ లెక్క అక్కరకు రావలసిన చివరి రోజుల్లోనే పెద్దవై నిలబడతాయి.

ఇది ఊహ కాదు. 2002లో ప్రయోగించిన ఎకోస్టార్-7ను ఆయువు తీరాక భూస్థిర కక్ష్యకు 300 కిలోమీటర్ల పైకి తీసుకెళ్ళి వదిలేస్తామని డిష్ అనే టీవీ ప్రసార సంస్థ 2012లో ప్రణాళిక ఇచ్చింది. 2022లో చూసుకుంటే ఇంధనం చాలలేదు. 122 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. 2023 అక్టోబరులో కమిషన్ 1,50,000 డాలర్ల చెల్లింపుతో ఆ వ్యవహారం ముగించింది. అంతరిక్ష వ్యర్థాల మీద ఆ కమిషన్ తీసుకున్న తొలి చర్య ఇదే. శ్మశానానికి సగం దారిలో ఆగిపోయిన శవం మీద వేసిన ఆ రుసుము తక్కువని కొందరు గొణిగారు. నా అభిప్రాయం కూడా అదే, కానీ ఈ వ్యాసం గౌరవప్రదమైనది కనుక బిగ్గరగా అనను.

ఈ మర్యాదలేవీ పాటించని ఉపగ్రహం ఒకటి ఉండేది. 2010 ఏప్రిల్‌లో గెలాక్సీ-15 భూమి మాట వినడం మానేసింది. ప్రసార పరికరాలు మాత్రం కట్టేయకుండా, పొరుగువారి స్థానాల మీదుగా తూర్పుకు నడక సాగించింది. పత్రికలు దానికి జోంబీ అని పేరు పెట్టాయి. దానికి ప్రజాప్రయోజనం లేదు, తాత్కాలిక అనుమతి లేదు, గడులు లేవు. పొరుగువారే తప్పుకుని, సర్దుకుని, దాన్ని సాగనంపారు. డిసెంబరులో బ్యాటరీ అయిపోయి, తిరిగి మేలుకుని, బుద్ధిగా ఆదేశాలు వినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ కొలువులో పెట్టుకున్నారు.

మన ఉపగ్రహం అలాంటిది కాదు. ఇచ్చిన 30 రోజులు నిన్నటితో ముగిశాయి, గమ్యం ఇంకా రెండు డిగ్రీల దూరంలో ఉంది, పొడిగింపు కోరుతూ కొత్త దరఖాస్తు వెళ్ళింది. ఇంధనం గడిలో పోయిన నెల రాసిన అంకెనే తిరిగి రాశారు.