చిత్రిక మెరిసింది, చెక్క ఏడ్చింది

చెక్కను నున్నగా చేసే పాత ఇనుప చిత్రికకు తుప్పు వదిలిస్తే చాలనుకునే అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. పాత పనిముట్లను కొత్తగా మార్చే పునరుద్ధరణ వీరుల శాస్త్రం వేరు. వారికి తుప్పు పోయాకే పని మొదలవుతుంది. ఇనుములో ముఖం కనబడాలి. మామూలుగా కనబడితే కుదరదు, మీసంలో నెరిసిన వెంట్రుకలు లెక్కకు రావాలి.

చెక్క అద్దం చూసుకోదని వారికి ఎవరు చెప్పగలరు? చిత్రిక అడుగుభాగం ముందు కొస, బ్లేడు బయటికి వచ్చే నోటి అంచు, వెనక కొస ఒకే మట్టంలో ఆనితే పని జరిగిపోతుంది. మధ్యలో ఉన్న గీతలూ చిన్న గుంటలూ చెక్కకు పట్టవు. ఎర్ర తుప్పు పోవాలంటే వెనిగర్‌లో కొన్ని గంటలు నాననిచ్చి, బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచి, వెంటనే నూనె పూయాలి. అంతే. వారాల తరబడి నానబెడితే ఆ పులుపు మంచి ఇనుమునూ తినేస్తుంది. చాకలి సోడా నీళ్లలో కరెంటు పంపే పద్ధతి కూడా మేలైనదే, ధన చివరకు పనికిరాని మామూలు ఇనుప ముక్క తగిలిస్తే. మన వీరులకు అక్కడా మెరుపే కావాలి కనుక స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె తగిలిస్తారు. అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది. తొట్టె పసుపు రంగుకు తిరిగితే పని బాగా జరుగుతోందని మురిసిపోతారు.

ఇక పట్టాభిషేకం. ముడి లేని మెత్తటి చెక్కను, అదీ ముందే నున్నగా చేసి ఉంచినదాన్ని, బల్లకు బిగిస్తారు. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోస్తారు. పొర లేస్తుంది. దాన్ని రెండు చేతులతో వెలుతురుకు ఎత్తుతారు. మందం కొలిచే మైక్రోమీటరు వేంచేస్తుంది. అంకె నచ్చకపోతే పొరలో పలుచని చోటు వెతికి మళ్లీ కొలుస్తారు. ఆ పొర గుండా దినపత్రిక చదువుతారు, సంపాదకీయంతో సహా. చెక్క ఎలా ఉందని అడిగే నాథుడు ఉండడు. పొర అద్దాల పెట్టెలోకి, చిత్రిక దాని పక్కకు, చెక్క పొయ్యిలోకి. 1869లో అమెరికా పనిముట్ల సంస్థ స్టాన్లీ, చిత్రికలు రూపొందించిన లియొనార్డ్ బెయిలీ పేటెంట్లు కొన్నది కూడా బహుశా ఈ ప్రదర్శన కోసమే. బ్లేడు వెంట్రుకవాసి దిగాలని బెయిలీ చిత్రికకు పెట్టిన ఆ ఇత్తడి చక్రానికి ఇప్పుడు రోజూ పాలిష్ తప్ప వేరే పని లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పిడి దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. ఎవరో వడ్రంగి ఒక జీవితకాలం పట్టుకుంటే బొటనవేలి కింద అరిగిన పల్లాన్ని వీళ్లు గరుకు కాగితంతో తుడిచేసి వార్నిష్ దట్టిస్తారు. అతడు పక్క గోడ మీద పంచుతో కొట్టుకున్న పొడి అక్షరాలను గ్రైండర్‌తో లేపేస్తారు. సాన పడుతున్నామంటూ బ్లేడును నీలం తిరిగేదాకా కాల్చి, ఉక్కు గట్టిదనాన్నంతా పోగొడతారు. ఇది పునరుద్ధరణా? ఒక పనివాడి పేరు చెరిపే హక్కు మీకెవరిచ్చారు? కాస్తయినా సిగ్గుండక్కర్లేదా? ఆ అక్షరాల్లో తుప్పు ఉంటే పాత పళ్ల బ్రష్షు, నాలుగు చుక్కల నూనె చాలు. అదీ చేతకాకపోతే చిత్రికను తుప్పుతో సహా అమ్మేయండి. కొనుక్కునేవాళ్లం ఉన్నాం.