బీవర్‌టెయిల్ అతుకు బాగుంది, లోపలి నాలుక మాటేమిటి?

1911 పిస్తోలుకు బీవర్‌టెయిల్ గ్రిప్ సేఫ్టీ, అంటే పిడి వెనుక ఉండే భద్రతా మీటలో వెడల్పాటి తోక ఉన్న రకం, బిగించిన వాళ్ళు పెట్టే ఫోటోలన్నీ పిస్తోలు మొండెమైన ఫ్రేముకూ కొత్త భాగానికీ మధ్య వెంట్రుక దూరనంత సన్నగా కుదిరిన అతుకునే చూపిస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ పిస్తోలు భద్రతకూ ఆ అతుకుకూ ఏ సంబంధమూ లేదు. భద్రతను తేల్చే చోటు ఫ్రేము లోపల ఉంటుంది, దాని గురించి అడిగేవాళ్ళే అరుదు.

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్తోలును అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. ఒక చేత్తో కళ్ళెం, మరో చేత్తో ఆయుధం పట్టవలసిన గుర్రపు దళానికి, పిడి మీద చేయి లేనప్పుడు ట్రిగ్గర్ కదలకుండా ఉండడం ప్రాణావసరం. అందుకే పిడి వెనుక మీటను అరచేయి నొక్కితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి జరగదు. అయితే ఆ మీట తోక మరీ పొట్టిగా ఉండడంతో, కండగల చేతులున్న వాళ్ళకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని హ్యామర్ (పేల్చడానికి వెనక్కి ఎత్తే సుత్తి) కొరికేది. 1920ల నాటి మార్పులతో వచ్చిన ఎం1911ఎ1లో తోకను పొడిగించినా అందరికీ సరిపోలేదు. పైకి వంగిన వెడల్పాటి బీవర్‌టెయిల్ వచ్చాక ఆ బాధ తీరింది, చేయి ఇంకాస్త పైకి చేరి పేల్చినప్పటి ఎగురుడునూ బాగా అదుపు చేయగలిగింది. చేయి పైకి జరిగి బొటనవేలు థంబ్ సేఫ్టీ (బొటనవేలితో కదిపే మరో భద్రతా మీట) మీదికి ఎక్కేసరికి మాత్రం కొందరి అరచేయి మీట కింది భాగాన్ని వదిలేయసాగింది. కావాలనుకున్న క్షణంలో పిస్తోలు పేలకపోవడానికి అది చాలు. మీట అడుగున ఇప్పుడు కనిపించే బుడిపె ఆ లోటును పూడ్చడానికే వచ్చింది.

ఇక బిగింపు. థంబ్ సేఫ్టీ పిన్ను రంధ్రాన్ని ఆధారం చేసుకుని జిగ్ (అరగదీతకు హద్దు చూపే అచ్చు) పెట్టి, ఫ్రేము వెనుక పొడుచుకొచ్చిన కొమ్ములను గుండ్రంగా అరగదీయాలి. ఎడ్ బ్రౌన్ సంస్థ చేసే రకానికి ఆ వంపు వ్యాసార్థం అంగుళంలో పావు వంతు, అంటే 0.250. కొన్ని ఇతర రకాలకు మరో కొలత, ఒక కొలత జిగ్ మరో కొలతకు పనికిరాదు. మొన తేలిన పాత హ్యామర్ కొత్త తోకకు తగులుతుంది కనుక గుండ్రని హ్యామరూ కావాలి. ఓపికా మంచి ఆకురాయీ ఉన్నవాడికి ఇదంతా సాధ్యమే, కనిపించే పని కనుక మెప్పూ దొరుకుతుంది.

అసలు పరీక్ష గ్రిప్ సేఫ్టీ నుంచి ముందుకు పొడుచుకుని ట్రిగ్గర్ చట్రం వెనుక నిలిచే నాలుక దగ్గర మొదలవుతుంది. కొత్త భాగంలో దాన్ని కావాలనే కొంత ఎక్కువ లోహంతో చేస్తారు, బిగించేవాడు కొద్దికొద్దిగా అరగదీసుకుంటాడని. దాని ముందు అంచును అతిగా తీసేస్తే మీట నొక్కకపోయినా ట్రిగ్గర్ వెనక్కి జరుగుతుంది, పైకి ఏ తేడా కనిపించకుండానే సేఫ్టీ ఉత్త అలంకారమైపోతుంది. కింది అంచు సరిగా తీయకపోతే మీటను పూర్తిగా నొక్కినా ట్రిగ్గర్ విడుదల కాదు. నా లెక్కలో సగం నొక్కేసరికి విడుదల కావడం సరైన కుదుర్పు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్ళతోనూ వేలితోనూ తేల్చుకుని, హ్యామర్ ఎత్తి, మీటను తాకకుండా ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కి చూడాలి. మీట దానంతటదే వెనక్కి రావాలి కూడా. మూడు రేకుల స్ప్రింగులో కుడి రేకు బలహీనపడితే అది రాదు. కింబర్ సంస్థ సిరీస్ 2 వంటి పిస్తోళ్ళలో, తూటాను గుద్ది పేల్చే ఫైరింగ్ పిన్నును ఆపే అడ్డు కూడా గ్రిప్ సేఫ్టీతోనే కదులుతుంది కనుక అక్కడ ఇంకో లెక్క కుదరాలి. కొమ్ములు కోయకుండానే కూర్చునే బీవర్‌టెయిల్ రకాలూ ఉన్నాయి, ఇంత ఉన్న పనిని ‘పెట్టె తెరిచి బిగించుకోండి’ అని వాటిని అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొమ్ములు కోయనక్కరలేదన్నంత వరకే ఆ మాట నిజం, నాలుకను సరిచూడనక్కరలేదని అనడానికి వీల్లేదు.

అతుకు మోజుకు బలయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఫ్రేముల కొమ్ములను కోసేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కోశాక పాత గ్రిప్ సేఫ్టీని తిరిగి పెడితే సందులు తేలతాయి, పోయిన లోహాన్ని వెల్డింగుతో నింపినా పాత రూపు రాదు. అటువంటి పిస్తోలుకు కోత అక్కరలేని బీవర్‌టెయిలే పెట్టాలి. ఫ్రేముకూ దానికీ మధ్య సందు కనిపిస్తుంది, కనిపించనివ్వండి.